రంగు కడిగిన తర్వాత

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మే నెల వస్తోందంటే తిరుపతిలో కాపురం వుంటున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర. మొక్కు వున్న ఇళ్లల్లో మగపిల్లలు, మరుదులు, ఒక్కొక్క ఇంట్లో ఇంటాయన కూడా చీర కట్టి, సవరం పెట్టి జడ వేయించుకుని, పూలు ముడుచుకుని గుడికి బయలుదేరతారు. ఆ చీర కట్టేదెవరు? మనమే. కుచ్చిళ్లు సర్ది, బొట్టు దిద్ది, "మా అబ్బోడు ఎంత లక్షణంగా ఉండాడో చూడక్కా" అని పక్కింటావిడను పిలిచి చూపించేదీ మనమే. ఆ వేళ ఆ పిల్లవాణ్ణి వీధిలో ఎవరూ వెక్కిరించరు. వెక్కిరిస్తే గంగమ్మను వెక్కిరించినట్టే.

కథ మీకు తెలిసిందే. ఆడపిల్లలను చెరిచే పాలెగాడిని మట్టుపెట్టడానికి గంగమ్మ పుట్టిందనీ, వాడు భయపడి దాక్కుంటే రోజుకొక వేషం వేసుకుని వెతికిందనీ చెబుతారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం. దొర వేషంలో వుండగా వాడు దొరికాడు. అంటే అమ్మవారు మగవేషం వేసింది, ఆమెకు మొక్కుకున్న మగవాళ్లు ఆడవేషం వేస్తున్నారు. ఈ విచిత్రాన్ని చూసి జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా ఆవిడ 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసి అచ్చువేశారు. మరి 2024 డిసెంబరులో వచ్చిన పుష్ప రెండో భాగంలో అల్లు అర్జున్ చీర కట్టి జాతర ఆడితే హాళ్లల్లో ఈలలు మోగాయి. అంత పెద్ద హీరో చీర కట్టినందుకు మగతనం తగ్గిందని ఎవరూ అనలేదు, సరికదా, అంతటి ధైర్యం ఎవరికుంటుంది అన్నారు.

మనవైపు వేషం కొత్త కాదు. పుత్తూరు, నగరి పక్కన ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడితే పగలంతా హరికథ, రాత్రంతా వీధినాటకం. అందులో ద్రౌపది వేషం కట్టేది మగవాడే. వస్త్రాపహరణం రాత్రి ఆయన ఏడుస్తుంటే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం వెళ్లి ఆకాశరాజు ఇంట్లో సోది చెప్పాడని మన పెద్దవాళ్లు పాడుకున్నారు. కొండమీద బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున స్వామికి మోహిని అలంకారం. కోస్తావైపు స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగంమీద నిలబడితే ఆయన నడకను, చీరకట్టును చూసి ఆడవాళ్లు నేర్చుకున్నారని చెప్పుకునేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో వచ్చింది.

ఇంతవరకూ మనకు ఏ ఇబ్బందీ లేదు. మరి అది వేషం కాకపోతే?

రంగు కడిగేసిన తర్వాత, సవరం తీసి పెట్టెలో పెట్టేసిన తర్వాత, ఆ నటుడి మనసు మనం అనుకున్న దారిలో నడవకపోతే? అతను ఇంకొక మగవాణ్ణి, లేదా ఆ నటి ఇంకొక స్త్రీని ప్రేమించే మనిషి అయితే? ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ మనుషుల గురించే. నాటకంలో, నాట్యంలో, సినిమాలో, టీవీలో పనిచేసే స్వలింగ ప్రేమికుల గురించి. పత్రికల్లో "స్వలింగ సంపర్కులు" అని రాస్తున్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఇరవై ఏళ్లు కాపురం చేసి, పిల్లలకు ఫీజులు కట్టి, అత్తగారికి మందులిచ్చిన మనల్ని ఎవరైనా "భిన్నలింగ సంపర్కురాలు" అని పరిచయం చేస్తే ఎలా వుంటుందో ఆలోచించండి. మనిషి బతుకంతా పడకగదిలోనే వున్నట్టు! పిల్లలు గే అనీ, లెస్బియన్ అనీ అంటున్నారు, అవీ మర్యాదైన మాటలే.

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకోవాలి. ఆడవేషం కట్టినవాళ్లంతా ఇలాంటివాళ్లని కాదు. స్థానంవారి గురించిగాని, శర్మగారి గురించిగాని నేను ఏ సూచనా చేయడం లేదు. వాళ్లది విద్య, సాధన. అలాగే హిజ్రాలు, మగపుట్టుక పుట్టినా తాము ఆడవాళ్లమని ఎరిగినవాళ్లు, వీళ్లది ఇంకొక సంగతి. స్వలింగ ప్రేమికుడైన మగవాడు మీసాలతో, గొంతు ఖంగుమంటూ, మన హీరోలకు తీసిపోకుండా వుండవచ్చు. చూసి పోల్చుకోవడం కుదరదు. కుదరదు కాబట్టే దాచుకోవడం కుదురుతుంది, దాచుకోవడం కుదురుతుంది కాబట్టే దాచుకో అని ఒత్తిడి పెట్టడం కూడా కుదురుతుంది.

ఈ ఒత్తిడి గుమాస్తాకీ, బడిపంతులుకీ లేదా అంటే వుంది. కానీ నటుల విషయంలో ఇంకొక మెలిక వుంది. గుమాస్తా అమ్మేది తన పని. హీరో అమ్మేది తన ముఖం. తెరమీద ఒక అమ్మాయి వెంటపడి పాట పాడితే అది నిజమేనేమో అని నమ్మే కుర్రకారు కటౌట్లు కడతారు, పాలాభిషేకాలు చేస్తారు. ఆ నమ్మకంమీద కోట్లు పెట్టిన నిర్మాత వుంటాడు, పంపిణీదారు వుంటాడు, సబ్బుల కంపెనీ వుంటుంది. అందరికీ ఒకటే భయం, బొమ్మ చెదిరితే డబ్బు పోతుందని. ఒకప్పుడు పెళ్లయిందని తెలిస్తేనే హీరోయిన్ మార్కెట్టు పడిపోతుందని మూడుముళ్లు పడిన సంగతి దాచిపెట్టిన పరిశ్రమ అది. ఇక ఇది బయటపడితే?

అమెరికాలో ఏం జరిగిందో చూద్దాం. అక్కడి హాలీవుడ్ కంపెనీలు 1934 నుంచి ఒక నియమావళిని గట్టిగా అమలుచేశాయి. తెరమీద ఇలాంటి ప్రేమ ప్రస్తావన కూడా రాకూడదన్నది అందులో ఒక నియమం. తెరమీద లేనిది తెర వెనుక ఎలా వుండనిస్తారు? రాక్ హడ్సన్ అని ఆరడుగుల పైన ఎత్తున్న అందగాడు, 1950లలో ఆ దేశపు ఆడపిల్లల కలలరాజు. ఆయన స్వలింగ ప్రేమికుడు. బజారు పత్రిక ఒకటి ఆ సంగతి అచ్చువేయబోతున్నదన్న పుకార్లమధ్య, 1955 నవంబరులో ఆయనకు పెళ్లి జరిగింది. పెళ్లికూతురు ఫిలిస్ గేట్స్, ఆయన ఏజెంటు దగ్గర సెక్రటరీగా పనిచేసే అమ్మాయి. పత్రికలన్నీ ఫొటోలు వేసి మురిసిపోయాయి. మూడేళ్లకల్లా విడాకులు. ఆయన ముప్ఫై ఏళ్లు అలా దాచుకుంటూనే బతికి, ఎయిడ్స్ వచ్చి 1985 అక్టోబరులో 59 ఏళ్లకు చనిపోయేనాటికిగాని లోకానికి తెలియలేదు.

అందరూ రాక్ హడ్సన్ గురించే బాధపడతారు. నాకు మాత్రం ఫిలిస్ గేట్స్ గుర్తుకొస్తుంది. తాను నిజంగా ప్రేమించే పెళ్లి చేసుకున్నాననీ, ఆ సంగతి తనకు తెలియదనీ ఆవిడ తర్వాత పుస్తకం రాసుకున్నారు. ఒక మగవాడి పరువు, ఒక కంపెనీ లాభం నిలబెట్టడానికి ఒక ఆడపిల్ల బతుకును అడ్డం పెట్టారు. ఈ పద్ధతి హాలీవుడ్‌లోనే పుట్టిందా? "పెళ్లి చేస్తే వాడే సర్దుకుంటాడులే" అనే మాట మీరు ఎక్కడా వినలేదూ?

దాచుకోకుండా చెప్పేస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఎలెన్ డిజెనరెస్ అనే హాస్యనటి 1997 ఏప్రిల్‌లో, తన సొంత పేరుమీద టీవీ సీరియల్ నడుస్తుండగానే, తాను లెస్బియన్‌నని చెప్పేసింది. ఆ భాగాన్ని కోట్లమంది చూశారు. మరుసటి ఏడు సీరియల్ ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పని దొరకడం కష్టమైంది. 2003లో మళ్లీ వేరే కార్యక్రమంతో నిలదొక్కుకుంది. నిలదొక్కుకున్నవాళ్ల కథ మనకు తెలుస్తుంది. నిలదొక్కుకోలేనివాళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

మన దేశంలో దీనికితోడు చట్టం ఒకటి. తెల్లవాళ్లు 1860లో రాసిపెట్టిపోయిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి వున్నా యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చునన్నది. దానికింద జైలుకు వెళ్లినవాళ్లకంటే, దాన్ని చూపించి బెదిరిస్తే డబ్బులు కట్టినవాళ్లు ఎక్కువ. పేరున్న నటుణ్ణి బెదిరించడం మరీ సులువు. హిందీ నిర్మాత, దర్శకుడు కరణ్ జోహార్ 2017లో తన జీవితకథ రాస్తూ, నా సంగతి అందరికీ తెలుసు, అయినా ఆ మాట నా నోటితో అనను, అంటే జైల్లో పెట్టగల దేశంలో వున్నాను అనే అర్థం వచ్చేలా రాశారు. ఎంత డబ్బు, ఎంత పలుకుబడి వున్న మనిషి! ఆయనే అనలేకపోతే, రోజుకూలికి గుంపులో నాట్యం చేసే కుర్రవాడు ఏమంటాడు?

ఆ చట్టంమీద కోర్టుకు వెళ్లినవాళ్లలో మొదటి పేరు ఒక నాట్యకారుడిదే కావడం నాకు ముచ్చటేసింది. నవతేజ్ సింగ్ జోహార్. పంజాబీ మనిషి, మన పక్కనున్న మద్రాసు కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకున్నాడు. ఆయన, మరో నలుగురు కలిసి 2016లో సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని. ఆ అయిదుగురిలో ఒక్కరే స్త్రీ, జస్టిస్ ఇందు మల్హోత్రా. ఇన్నాళ్లు పడిన అవమానానికి వీళ్లకూ, వీళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలన్నారు ఆవిడ. కుటుంబాలకు కూడా, అన్న మాట గమనించండి. ఆడమనిషి కాబట్టి తల్లుల సంగతి తోచిందని నేననుకుంటాను. పెళ్లి హక్కు మాత్రం చట్టంలో లేదని 2023 అక్టోబరులో అదే కోర్టు తేల్చింది.

చట్టం పోయింది గదా, ఇంకేం బాధ అంటారేమో. సాయంత్రం మన ఇంట్లో టీవీ పెట్టండి. ఎన్నో ఏళ్లుగా మన తెలుగు సినిమాల్లో ఇలాంటి మనిషి అంటే హాస్యానికి పెట్టిన పాత్ర. చేతులు తిప్పుతాడు, హీరో చొక్కా పట్టుకుంటాడు, చెంపదెబ్బ తింటాడు, మనం నవ్వుతాం. "తేడా" అన్న ఒక్క మాట చాలు, జోకు అయిపోతుంది. 2013లో మొదలైన జబర్దస్త్‌లాంటి కార్యక్రమాల్లో ఆడవేషాలు వేసే మగపిల్లలు ఎంత కష్టపడతారో మీరు చూస్తున్నారు. వాళ్లకు స్త్రీపాత్ర ఇస్తున్నది ద్రౌపదిలా ఏడిపించడానికి కాదు, తన్నులు తిని నవ్వించడానికి. అందులో సాయితేజ పేరుతో నటించిన కళాకారిణి తర్వాత స్త్రీగా మారి, ప్రియాంక సింగ్ పేరుతో 2021లో బిగ్‌బాస్ అయిదో సీజన్‌లో కనిపించింది. ఆమెది ముందే చెప్పినట్టు వేరే సంగతి, అయినా నవ్వు మాత్రం ఇద్దరిమీదా ఒకటే.

బెంగాలీ దర్శకుడు ఋతుపర్ణ ఘోష్ ఈ నవ్వును ఊరికే వదల్లేదు. ఎన్నో జాతీయ బహుమతులు తెచ్చుకున్న మనిషి. కళ్లకు కాటుక, మెడలో నగలు, తన ఇష్టం వచ్చినట్టు అలంకరించుకునేవాడు. ఒక హాస్యనటుడు టీవీలో ఆయన మాటతీరును అనుకరించి జనాన్ని నవ్విస్తుంటే, ఆ నటుణ్ణి తన కార్యక్రమానికే పిలిచి ముఖాముఖి అడిగాడు. నన్ను వెక్కిరించినప్పుడు నా ఒక్కణ్ణే కాదు, మెత్తగా మాట్లాడే ప్రతి మగపిల్లవాణ్ణీ వెక్కిరిస్తున్నావు, వాళ్ల సంగతి ఆలోచించావా అన్నది ఆ ప్రశ్న సారాంశం. 2013లో 49 ఏళ్లకే పోయాడు పాపం.

ఆడవాళ్ల సంగతికి వస్తే ఇంకా నిశ్శబ్దం. పైన నేను చెప్పిందంతా వేషమైతే మెచ్చుకుంటాం, వేషం కాకపోతే ఓర్చుకోం అనే కదా. ఆడవాళ్లకు ఆ వేషపు వెసులుబాటు కూడా లేదు. షబానా ఆజ్మీ, నందితా దాస్ తోడికోడళ్లుగా నటించిన ఫైర్ 1998లో మన దేశంలో విడుదలైతే, ఇద్దరు స్త్రీల ప్రేమ చూపించారని బొంబాయిలో, ఢిల్లీలో హాళ్లమీద పడి అద్దాలు పగలగొట్టారు. వాళ్లిద్దరూ చేసింది నటనే! సినిమాను మళ్లీ సెన్సారుకు పంపితే, కత్తిరింపులు లేకుండానే తిరిగి వచ్చింది. తెలుగులో 2018లో వచ్చిన "అ!"లో నిత్యా మేనన్, ఈషా రెబ్బా అలాంటి జంటగా వేశారు, హాళ్లు పగలలేదు. ఇరవై ఏళ్లకు అంత మార్పు వచ్చింది. కానీ నిజంగా అలాంటి నటి ఒకరుంటే, నేను ఫలానా అని చెప్పగలదా? నటికి ముప్ఫై దాటితే చాలు, పెళ్లెప్పుడు అని విలేఖరి అడుగుతాడు. స్నేహితురాలితో కలిసి ఇల్లు తీసుకుంటే ఫోనులో వీడియో వస్తుంది, ఎర్రక్షరాలతో ఒక ప్రశ్నార్థకం పెట్టి. పక్కింటావిడ మనకు పంపుతుంది, మనం చెల్లెలికి పంపుతాం. ఆ నటిని బెదిరించేవాడికి కావలసింది మనం అలా పంపడమే.

2023 నవంబరులో మలయాళంలో వచ్చిన కాదల్ అనే సినిమాను వీలైతే చూడండి. మమ్ముట్టి, మన జ్యోతిక. ఇరవై ఏళ్ల కాపురం, పెద్ద కూతురు, ఆస్తి, పరువు అన్నీ వున్నాయి. భర్త మనసు ఇంకొక మగవాడిమీద. భార్య విడాకులకు కోర్టుకెక్కుతుంది. తన కోసమే కాదు, ఆయన కోసం కూడా. డెబ్బై దాటిన మమ్ముట్టి ఆ వేషం వేయడమేగాక సొంత డబ్బు పెట్టి తీశాడు, జనం మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అయితే మెచ్చుకుంటూనే ఒక్క అనుమానం వచ్చింది. తమకు సంబంధంలేని ఆ పాత్రను వేసిన నటుడికి బహుమతి ఇస్తాం. అదే నిజంగా అలాంటి నటుడు వచ్చి నా బతుకు ఇది అంటే, మరుసటి సినిమాలో హీరోయిన్ పక్కన నిలబెడతామా? టిక్కెట్టు కొంటామా? నిర్మాతను తప్పుపట్టడం తేలిక. ఆయన భయపడేది మనల్ని చూసే. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని ఏ సినిమాకు వెళ్లాలో తేల్చేది ఇంట్లో ఎవరో మీకు తెలుసుకదా.

తల్లులుగా ఇంకొక జాగ్రత్త. కొడుకో కూతురో ఇలాంటి సంగతి చెబితే మందుతో మారుస్తాం, మాటలతో మారుస్తాం, షాకులిచ్చి మారుస్తాం అనేవాళ్లు వుంటారు. ఇది జబ్బు కాదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే తన జాబితానుంచి తీసేసింది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పని చేసింది. మన జాతీయ వైద్య కమిషను 2022లో, ఇలా మారుస్తామని వైద్యం చేయడం డాక్టరు వృత్తికి తగని ప్రవర్తన అని ప్రకటించింది. కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టుకుని మారుస్తామంటే, ఆయన మీ డబ్బు తీసుకుంటాడు, అంతే. జాతకాల శాంతులకు కూడా ఇదే వర్తిస్తుంది. పెళ్లి అన్నది అంతకంటే ఖరీదైన మందు, దాని ఖర్చు ఎవరి కూతురో భరిస్తుంది. రేపు ఆ కూతురు మన ఇంటి పిల్లే కావచ్చు.

మొన్న ఒకావిడ నన్ను అడిగింది. పదేళ్ల కొడుకు. జాతరలో పేరంటాలు వేషం వేస్తే వీధంతా మెచ్చుకుంది. అప్పటినుంచి నాట్యం నేర్పించమని ఒకటే పోరు. తిరుపతిలో నాట్యానికి కొదవ లేదు, దేవస్థానంవారి సంగీత నృత్య కళాశాలే వుంది. వాళ్లాయన మాత్రం, "మగపిల్లోనికి గజ్జెలు కడితే ఆడంగి అయిపోతాడు, యాడన్నా క్రికెట్టులో చేర్చు" అంటున్నాడట. ఏం చెయ్యమంటారు అని అడిగింది.

నాట్యం నేర్చుకుంటే ఎవరూ అలా అయిపోరు. నేర్చుకోకపోతే మానిపోరు కూడా. కూచిపూడిలో కొన్ని వందల ఏళ్లు మగవాళ్లే గజ్జె కట్టారు, అందరూ సంసారాలు చేసి మనవల్ని ఎత్తుకున్నవాళ్లే. ఒకవేళ మీ వాడు పెద్దయ్యాక ఇంకోలా వుంటానంటే, అప్పుడు ఆ సంగతి ముందు మీతో చెప్పుకోగలిగేలా వుండాలి, ఇంట్లో వాడు "ఆడంగి" అన్న మాట విని వుండకూడదు. వాళ్లాయనకు నేను చెప్పమన్నది ఇంతే. పిల్లవాణ్ణి చేర్పించమన్నాను. కాలికి మొదటే వంద గజ్జెల పట్టీ కొనవద్దు, పాదం పుండవుతుంది, చిన్నదానితో మొదలుపెట్టమని మాస్టారే చెబుతారు.